గుమ్మం కూడా ఆయనదే

మా పెద్దమ్మ పోయిన కబురు పెదనాన్నే ఫోన్ చేసి చెప్పాడు. గుడివాడలో స్కూలుకి బయల్దేరబోతూ చెప్పులు వేసుకుంటున్నాను. "అమ్మాయ్, మీ పెద్దమ్మ ఇవాళ లేవలేదమ్మా" అన్నాడు. ఒంట్లో బాగోలేదేమో అనుకుని "జ్వరమా పెదనాన్నా?" అన్నాను. "కాదమ్మా. దేవుడి దగ్గరికి వెళ్లిపోయింది. పాలు పోసే వేళయింది కదా, లేపుదామని వెళ్లాను. చెయ్యి చల్లగా ఉంది."

ఆయన నిదానంగానే చెప్పాడు. నేనే వేసుకున్న చెప్పు విప్పేసి గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. ఏడుపు మధ్యలో కూడా ఒక మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. దేవుడి దగ్గరికి, అన్నాడు పెదనాన్న. ఆయన నోట ఆ మాట వస్తుందని ఒకప్పుడు మా బంధువుల్లో ఎవరూ అనుకోలేదు. ఒక్క పెద్దమ్మ మాత్రం అనుకుంది. అనుకోవటమే కాదు, దాని కోసం పాతికేళ్లకు దగ్గరగా ప్రతి తెల్లవారూ అడిగింది. ఆమె గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చుంటే ముందుగా గుర్తొచ్చేది అదే.

మా అమ్మకి అక్క ఆవిడ. దివిసీమలో నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చివరి ఊళ్లలో వాళ్లది ఒకటి. ఊళ్లో సగం మంది వేటకి వెళ్లే పల్లెకారులు, మిగతా సగం మా పేట, చర్చి పేట. పెదనాన్న అక్కడి ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. పెళ్లయిన కొత్తలో ఆయన గొంతు గురించి దివిసీమంతా చెప్పుకునేవారట. క్రిస్మస్ కూడికలకి అవనిగడ్డ నుంచి మనిషిని పంపి మరీ పిలిపించుకునేవారట. ఆయన కీర్తన ఎత్తుకుంటే గుడి బయట సైకిళ్లు ఆగిపోయేవని మా అమ్మ చెప్పేది. నేను ఆ గొంతు వినలేదు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన పాడటం మానేశాడు.

డెబ్భై ఏడు ఉప్పెనలో వాళ్ల పిల్లలిద్దరూ పోయారు. అన్నా చెల్లెలూ. నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు పెదనాన్న ఇద్దరినీ చెరో చంకన వేసుకుని బయటికొచ్చాడు. పెద్దమ్మని నీళ్లు ఈడ్చుకుపోయి తుమ్మ కంపల్లో పడేశాయి. ముళ్లకి చీర చిక్కుకుని ఆవిడ బతికింది. ఆయన ఒక తాడిచెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. రెండో కెరటమో మూడో కెరటమో, ఆయన చేతులు ఖాళీ చేసింది. ఈ సంగతి ఆయన పెద్దమ్మతో తప్ప ఎన్నడూ ఎవరితోనూ చెప్పలేదు. పెద్దమ్మే ఒకసారి మా అమ్మకి చెబుతుంటే విన్నాను. "ఆయన వదల్లేదే. సముద్రం లాగేసుకుంది. ఆయన మాత్రం వదిలేశానని అనుకుంటున్నారు" అంది.

ఆ తరవాత పెదనాన్న గుడికి వెళ్లలేదు. భోజనం ముందు కళ్లు మూయలేదు. బళ్లో పిల్లలు పొద్దున్నే ప్రార్థన గీతం పాడుతుంటే చేతులు కట్టుకుని నిలబడేవాడట, పెదవి కదిపేవాడు కాదట. లెక్కలు మాత్రం బాగా చెప్పేవాడు. కోపిష్టి కాదు, తాగుబోతు కాదు. మంచి మనిషే. ఆయన లోపల ఒక గది తలుపు మూసుకుపోయింది, అంతే.

నేను బందరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే రోజుల్లో సెలవులొస్తే మా ఊరికన్నా పెద్దమ్మ ఊరికే ఎక్కువ వెళ్లేదాన్ని. అది తొంభైల మొదట్లో మాట. ఉప్పెన తరవాత కట్టించిన కాలనీ ఇల్లు వాళ్లది. రెండు గదులు, ముందు అరుగు, పక్కన గేదెల పాక. పెద్దమ్మ పాలు పోసేది. తెల్లారకముందే లేచి పాలు తీసి, తపేలా అరుగు మీద పెట్టి, దాని పక్కనే చాప వేసుకుని ప్రార్థనకి కూర్చునేది. అది ముగిస్తే గానీ పాలు కొలిచేది కాదు. దాంతో పాలకి వచ్చినవాళ్లందరూ గిన్నెలు పట్టుకుని వాకిట్లో నిలబడాల్సిందే. పల్లెకారుల ఇళ్లవాళ్లూ, మా పేటవాళ్లూ, కిరాణా కొట్టాయన భార్య, అందరూ.

"అమ్మగారూ, మీ దేవుడితో మాటలు అయ్యేసరికి మా పిల్లోడు ఏడ్చి నిద్రపోతున్నాడండీ" అని ఎవరో అంటే, "వాడి పేరే చెబుతున్నానమ్మా, ఇంకాస్త ఆగు" అనేది.

నిజంగానే చెప్పేది. పాలు పోస్తూ ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్న సంగతులు మర్నాడు ప్రార్థనలోకి వచ్చేవి. ఫలానా ఇంటి కోడలికి నెలలు నిండాయి తండ్రీ. ఫలానా వాళ్ల చెరువులో రొయ్యకి తెగులు తగిలింది, చూడు. ఎమ్మార్వో గారికి మంచి మనసివ్వు, పట్టాల సంగతి తేల్చటం లేదు. పక్కింట్లో వాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడేది. పెద్ద గొంతు కాదు, పెద్ద మాటలు కావు. తమ పేరు వచ్చేసరికి జనం కాస్త తల వంచటం నేను చూశాను. ఏ దేవుడిని కొలిచేవాళ్లయినా సరే.

అందరి సంగతీ అయ్యాక ఆఖర్న ఒక మాట ఉండేది. "మా ఇంటాయనకి పాట తిరిగియ్యి తండ్రీ." అంతే. దాని ముందు గానీ వెనక గానీ ఇంకేం చెప్పేది కాదు. ఆ టైముకి పెదనాన్న దొడ్లో వేపపుల్లతో పళ్లు తోముకుంటూ ఉండేవాడు. ఆయనకి వినపడేది. వినపడుతుందని ఆవిడకీ తెలుసు.

ఒకరోజు ఆయన ఉండబట్టలేక అరుగు మీదికి వచ్చాడు. పాలకి వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. నేను లోపల పుస్తకం పట్టుకుని కూర్చున్నాను.

"రోజూ ఎవరితో మాట్లాడుతున్నావు నువ్వు? ఆ రోజు ఎక్కడున్నాడు ఆయన?" అన్నాడు.

పెద్దమ్మ తపేలా కడుక్కుంది. గేదెలకి గడ్డి వేసింది. ఆ రోజంతా ఇంట్లో ఎక్కువ మాటలు లేవు. నాకు భయంగా అనిపించింది, వీళ్లిద్దరి మధ్యా ఏదో తెగిపోయిందేమోనని. మర్నాడు తెల్లవారుజామున మామూలుగానే చాప వేసుకుంది. అందరి సంగతీ చెప్పింది. ఆఖర్న ఇలా అంది.

"నిన్న మా ఆయన అడిగింది విన్నావు కదా తండ్రీ. ఆయన మర్యాద లేకుండా అడగలేదు. నాక్కూడా అదే కావాలి. ఆ రోజు ఎక్కడున్నావో చెప్పు. చెప్పేదాకా అడుగుతాను. ఆయనకి పాట తిరిగియ్యి."

దొడ్లో చప్పుడు ఆగిపోయింది. నేను దుప్పటి కప్పుకుని అలాగే పడుకుని వింటున్నాను. అప్పటివరకూ నాకు ప్రార్థన అంటే వినయంగా నాలుగు మంచి మాటలు చెప్పి కోరికలు అడగటం. భర్త దేవుడి మీద వేసిన నిందని నెత్తిన పెట్టుకుని, అదే దేవుడి ముందుకి తీసుకెళ్లి దింపటం కూడా ప్రార్థనే అని ఆ రోజు తెలిసింది. ఆ తరవాత ఎన్ని ప్రసంగాలు విన్నానో. అంత నమ్మకం నేను మళ్లీ చూడలేదు.

ఆ సెలవుల్లోనే ఒకరోజు గేదెల్ని కాలవకి తోలుకెళ్తుంటే అడిగాను. "పెద్దమ్మా, ఇన్నేళ్లు ఒకటే మాట అడుగుతున్నావు కదా. దేవుడు తలుపు తీయడని ఎప్పుడూ అనిపించలేదా?"

"ఎందుకనిపించదూ" అంది. "అనిపించినరోజు గుమ్మంలో కూర్చుంటాను. గుమ్మం కూడా ఆయనదేగా అమ్మాయ్."

నేను డిగ్రీ అయ్యాక బీఈడీ చేసి గుడివాడలో ఉద్యోగంలో చేరాను. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. దసరా సెలవులకి మాత్రం పెద్దమ్మ దగ్గరికి వెళ్లటం మానలేదు. పెదనాన్న రిటైరయ్యాడు. మిగతావన్నీ అలాగే ఉన్నాయి. తపేలా పక్కన చాప, వాకిట్లో గిన్నెలు, ఆఖర్న ఆ ఒక్క మాట.

అలాంటి ఒక దసరా సెలవుల్లో గాలివాన పట్టింది. రేడియోలో హెచ్చరిక వచ్చేసరికే కొన్ని నావలు సముద్రం మీద ఉన్నాయి. ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. ఏడుకొండలు అనే అతని నావ రాలేదు. అతని భార్య నాంచారమ్మ మా పెద్దమ్మ దగ్గర పాలు పోయించుకునే మనిషే. గాలి తగ్గింది, ఎండ కాసింది, ఒడ్డున జనం సముద్రం వైపు చూస్తూ కూర్చున్నారు. నావ జాడ లేదు. నాంచారమ్మ పాలకి రావటం మానేసింది. తిండీ నిద్రా లేకుండా గోడకి చేరగిలబడి కూర్చుందని చెప్పారు.

ఆ సంగతి విన్న పొద్దున పాలు పోయటం అవగానే పెద్దమ్మ చీర మార్చుకుని, "పద అమ్మాయ్" అంది. ఇద్దరం పల్లెకారుల పేటలోకి వెళ్లాం. ఆ ఇంటి ముందు చాలామంది ఉన్నారు. నాంచారమ్మ అత్తగారు గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది.

"మేము గంగమ్మకి మొక్కుకున్నామండీ అమ్మగారూ" అంది ఆవిడ. రావద్దని అనలేదు, రమ్మనీ అనలేదు.

"మొక్కుకోండమ్మా. నేను ఊరికే పక్కన కూర్చుంటాను" అంది పెద్దమ్మ.

ముసలావిడ జరిగి దారిచ్చింది. పెద్దమ్మ లోపలికి వెళ్లి నాంచారమ్మ పక్కన నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. తరవాత నాంచారమ్మే అంది. "రోజూ అందరి గురించీ అడుగుతారు గదండీ. ఆయన్ని తెచ్చియ్యమని అడగండి."

పెద్దమ్మ కళ్లు మూసుకుని "తండ్రీ" అంది. అక్కడే ఆగిపోయింది. మళ్లీ "తండ్రీ" అంది. మాట రాలేదు. ఎమ్మార్వో గారి గురించీ, రొయ్యల తెగులు గురించీ తడుముకోకుండా చెప్పే మనిషి, ఆ ఇంట్లో నోరు పెగలక కూర్చుంది. నీళ్లు, పోయిన మనుషులు, ఎదురుచూడటం. ఆవిడకి తెలియనివి కావు. బహుశా అందుకే.

బయట గోడ పక్క నుంచి ఒక గొంతు వచ్చింది. మొదట ఎవరో మూలుగుతున్నారనుకున్నాను. తరవాత అర్థమైంది, పాట అది. పాతకాలం కీర్తన, చిన్నపిల్లల్ని జోకొట్టేటప్పుడు మా ఇళ్లల్లో పాడుకునేది. గొంతు తుప్పు పట్టినట్టుంది. పల్లవి అయ్యాక శ్వాస అందక ఆగింది. చరణం అందుకోబోయి మాట మరిచిపోయి, మళ్లీ మొదటికి వచ్చింది.

నేను లేచి గుమ్మంలోంచి చూశాను. పెదనాన్న. పెద్దమ్మ ఏమీ తినకుండా బయల్దేరిందని కేరేజీలో ఇడ్లీలు పట్టుకుని వచ్చాడు. లోపలికి రాలేక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కేరేజీ చేతిలోనే ఉంది. కళ్లు మూసుకుని లేడు, సముద్రం వైపు చూస్తూ పాడుతున్నాడు. చుట్టూ ఉన్న పల్లెకారులు తలలు తిప్పి ఆయన్నే చూస్తున్నారు. వాళ్లల్లో పెద్దవాళ్లకి ఆ గొంతు ఒకప్పుడు తెలుసు. ఒక ముసలాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

వెనక్కి తిరిగి పెద్దమ్మని చూశాను. ఆవిడ బయటికి చూడలేదు. లేవలేదు. నాంచారమ్మ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని తల ఇంకా కిందికి దించేసింది. వీపు కదులుతోంది. పెదనాన్న ఆ పల్లవినే మళ్లీ మళ్లీ పాడుతూ ఉన్నాడు. పాడుతూ ఉండగానే నాంచారమ్మ ఒరిగి పెద్దమ్మ ఒళ్లో తల పెట్టింది. చూస్తుండగానే నిద్రపోయింది.

ఇంతకన్నా గొప్ప సంగతి నా జీవితంలో నేను కళ్లారా చూడలేదు. ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఏడుకొండలు నావ చెక్కలు హంసలదీవి వైపు కొట్టుకొచ్చాయి. మనుషులు రాలేదు.

ఆ ఆదివారం పాస్టరు గారు పెద్దమ్మ ఇంటికి వచ్చారు. పెదనాన్న పాడిన సంగతి అప్పటికే ఊరంతా తెలిసింది. "అమ్మా, ఇన్నేళ్ల ప్రార్థనకి జవాబు దొరికింది. సంఘంలో సాక్ష్యం చెప్పండి. అందరికీ బలంగా ఉంటుంది" అన్నారు.

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దండీ అయ్యగారూ. నాకు దొరికిన ఇంట్లోనే ఆ పిల్లకి దొరకలేదు. వాళ్లింట్లో ఏడుపు ఉండగా నా ఇంటి పండగ ఎలా చెప్పుకోమంటారు?"

పాస్టరు గారు మంచివారు. మళ్లీ అడగలేదు. ఆయన వెళ్లాక నాకు అనుమానం వచ్చింది, ఆవిడ అసలు సంతోషపడిందా అని. మర్నాడు చీకటితోనే మెలకువ వచ్చి పాక వైపు వెళ్లాను. పెద్దమ్మ పాలు తీస్తోంది. నుదురు గేదె డొక్కకి ఆనించి, చేతులు వాటి పని అవి చేస్తూంటే, "ఇచ్చావు. ఇచ్చావు. ఇచ్చావు తండ్రీ" అంటోంది. తపేలాలో పాలు పడే చప్పుడులో ఆ మాట కలిసిపోతోంది. అరుగు మీదికి వచ్చాక ఆ సంగతి ఎత్తలేదు. అక్కడ నాంచారమ్మ కోసమే అడిగింది.

కొన్నాళ్లకి నాంచారమ్మ పాలకి రావటం మొదలుపెట్టింది. మొదటిరోజే గిన్నె కింద పెట్టి, అందరూ వింటుండగా అడిగిందట. ఈ మాటలు తరవాత నాంచారమ్మే నాకు చెప్పింది.

"మీరు అడిగారు. నేనూ అడిగాను. మరి ఏమయిందండీ అమ్మగారూ?"

"నాకు తెలీదు నాంచారమ్మా" అందట పెద్దమ్మ. "నా పిల్లలప్పుడూ తెలీలేదు. నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను. నువ్వూ అడుగు. కోపంగా అయినా అడుగు. ఆయన్ని మాత్రం ఊరికే వదిలిపెట్టకు."

నాంచారమ్మ మా మతంలోకి రాలేదు. పెద్దమ్మ రమ్మనలేదు. కానీ ఆ రోజు నుంచి పాలు పోయించుకున్నాక వెళ్లిపోకుండా అరుగు చివర కూర్చునేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో, అసలు మాట్లాడుకునేవారో లేదో నాకు తెలియదు. భర్త పోయాక సముద్రం వైపు మొహం తిప్పని మనిషి మెల్లగా ఒడ్డుకి వెళ్లి చేపలు కొనుక్కుని నాగాయలంకలో అమ్ముకోవటం మొదలుపెట్టింది. కూతురిని చదివించుకుంది. పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు వచ్చాక గేదెల పని కూడా తనే చూసుకునేది.

పెదనాన్న ఆ ఏడు క్రిస్మస్‌కి గుడికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ద్వారం దగ్గర చెప్పులు విడిచి చివరి వరసలో కూర్చున్నాడు. పాట మొదలయ్యాక కాస్త ఆలస్యంగా గొంతు కలిపాడు. పాత గొంతు తిరిగి రాలేదు, ముసలి గొంతే. ముందు వరసలో ఆడవాళ్ల వైపు కూర్చున్న పెద్దమ్మ వెనక్కి తిరిగి చూడకుండా పాడుతూనే ఉంది. "చూడాలనిపించలేదా?" అని తరవాత అడిగితే, "వినపడుతోందిగా" అంది.

ఆవిడని సమాధుల దొడ్డిలో పెట్టిన రోజు దివిసీమ ఊళ్ల నుంచి ఎక్కడెక్కడివాళ్లో వచ్చారు. పెట్టె దించుతుంటే పెదనాన్నే కీర్తన ఎత్తుకున్నాడు. మా పేటవాళ్లు అందుకున్నారు. పాట రాని పల్లెకారులు చేతులు జోడించి నిలబడ్డారు.

మర్నాడు పొద్దున్నే గుడివాడ బస్సుకి బయల్దేరదామని లేచాను. బయట గిన్నెల చప్పుడు వినిపించింది. గేదెలు ఆగవు కదా. నాంచారమ్మ వచ్చి పాలు తీసి తపేలా అరుగు మీద పెట్టింది. పాలకి వచ్చినవాళ్లు ఎప్పటిలాగే వాకిట్లో నిలబడ్డారు. చాప ఎవరూ పరవలేదు. పెదనాన్న మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు, ఆయన వల్ల కాలేదు. పాలు కొలవమని ఎవరూ అనలేదు. అలాగే నిలబడ్డారు అందరూ.

నాంచారమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. ఎవరినీ చూడకుండా, ఎదురుగా ఉన్న మనిషితో చెప్పినట్టు మొదలుపెట్టింది.

"సామీ, అమ్మగారు లేరు. నేను మాట్టాడుతున్నాను. మాస్టారు నిన్నట్నించీ ఏం తినలేదు, కాస్త తినేలా చెయ్యి. ఈ అమ్మాయిగారు గుడివాడ ఎల్తున్నారు, జాగర్తగా చేర్చు. కొట్టు సావుకారు గారి కోడలికి జొరం తగ్గలేదు."

ఒక్కొక్కరి వైపూ తిరిగి పేరు పేరునా చెప్పుకుంటూ పోయింది. నా పేరు వచ్చినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. చాలాసేపటికి ఆమె గొంతు ఆగింది. ఎలా ముగించాలో ఆమెకి తెలియదు. ముగిసిందో లేదో మాకూ తెలియదు. కాస్సేపటికి నేను కళ్లు తెరిచి చూస్తే ఇంకెవరూ తెరవలేదు. తూర్పున ఎండ పైకి వచ్చి, వాకిట్లో అందరి చేతుల్లోని ఖాళీ గిన్నెల అంచుల మీద పడుతోంది.